చంటిపిల్లలు, తాతయ్యలు, మధ్యలో మనం: క్రూయిజ్‌కు ఏ ఓడ, ఏ గది, ఎన్ని రాత్రులు?

పది పన్నెండు మంది ఉన్న కుటుంబంలో క్రూయిజ్ మాట ఎత్తగానే తొమ్మిదేళ్ల పిల్లాడో పదేళ్ల పిల్లో ఒక వీడియో తెచ్చి చూపిస్తారు. ఓడ మీద నీటి జారుడుబల్లలు, ఎక్కే గోడలు, ఏకంగా రోలర్ కోస్టర్. అందరూ నోరు వెళ్లబెట్టి చూస్తారు, ఆ ఓడే ఖాయమైపోతుంది. మా ఇంట్లోనూ మొదటిసారి అలాగే జరిగింది. తీరా ఎక్కాక తెలిసిందేమిటంటే, ఆ వయసు పిల్లలు ఏ ఓడలోనైనా ఆనందంగానే ఉంటారు. ఒక ఈతకొలను, పూటకో ఐస్‌క్రీము, తోడుగా ఇద్దరు తోటి పిల్లలు ఉంటే వాళ్లకు ఇంకేమీ అక్కర్లేదు. ఓడ కుదిరిందా లేదా అన్నది తేలేది వేరే ఇద్దరి దగ్గర: ఇంకా డైపర్ వదలని చిన్నది, మోకాళ్లు సహకరించని పెద్దావిడ.

అందుకే ఎంపిక ఆ రెండు కొసల నుంచి మొదలుపెట్టమంటాను. వాళ్లిద్దరికీ కుదిరిన ఓడ మధ్యవాళ్లందరికీ కుదురుతుంది. మధ్యవాళ్లను చూసి ఎంచుకున్న ఓడ ఆ ఇద్దరికీ కుదరకపోతే, వాళ్లను కనిపెట్టుకుని ఉండే నలుగురికి కూడా సెలవు దక్కదు.

## ధర చూడకముందే చూడవలసినవి

చిన్నపిల్ల వయసు. చాలా క్రూయిజ్ సంస్థలు 6 నెలలు నిండని పిల్లలను ఎక్కించుకోవు. అట్లాంటిక్ దాటే ప్రయాణాలకు, వరుసగా రోజుల తరబడి రేవు తగలని ప్రయాణాలకు ఆ హద్దు 12 నెలలు. వయసు లెక్కించేది టికెట్ కొన్న రోజుకు కాదు, ఓడ బయలుదేరే రోజుకు. తర్వాతి గీత 3 ఏళ్ల దగ్గర ఉంటుంది. చాలామంది దెబ్బతినేది అక్కడే. రాయల్ కరీబియన్ లాంటి సంస్థల్లో పిల్లల క్లబ్బులోకి (సిబ్బంది కనిపెట్టుకుని ఆడించే చోటు) వెళ్లాలంటే 3 ఏళ్లు నిండాలి, డైపర్ పూర్తిగా మానేసి ఉండాలి. రెండేళ్ల పది నెలల పిల్లకు ఆ తలుపు తెరుచుకోదు, బతిమాలినా లాభం లేదు. కార్నివాల్ మాత్రం 2 ఏళ్ల నుంచే తీసుకుంటుంది, డైపర్ ఉన్నా సరే. మీ పిల్ల మూడో పుట్టినరోజు ప్రయాణం ముగిసిన నెలకే వస్తోందంటే, ఓడను మార్చకండి, తేదీని మార్చండి.

ఈతకొలను సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. నీళ్లలో వాడే డైపర్ తొడిగినా సరే, ప్రధాన కొలనుల్లోకి పిల్లలను సాధారణంగా దింపనివ్వరు. వాళ్ల కోసం నీటిని విడిగా శుద్ధి చేసే చిన్న జల్లుల చోటు ఉంటేనే ఆట. అది కొన్ని ఓడల్లోనే ఉంటుంది. అన్నయ్య నీళ్లలో కేరింతలు కొడుతుంటే రెండేళ్ల చెల్లెలిని గట్టు మీద వారం పాటు ఆపడం ఎవరి తరమూ కాదు.

పెద్దవాళ్ల నడక. ఇప్పుడు తిరుగుతున్న అతి పెద్ద ఓడల్లో ఒకటైన ఐకాన్ ఆఫ్ ద సీస్ పొడవు 365 మీటర్లు. గది ముందు కొసన, భోజనశాల వెనుక కొసన పడిందంటే ఒక్క పూట భోజనానికి రానూపోనూ అర కిలోమీటరు పైచిలుకు నడక. దానికి తోడు రేవు సంగతి ఒకటి. కొన్ని చోట్ల ఓడ ఒడ్డుకు ఆనదు, దూరంగా ఆగి చిన్న పడవల్లో జనాన్ని చేరవేస్తుంది. ఊగే పడవలోకి మెట్టు దాటి దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవారికీ, వీల్‌చైర్ వాడేవారికీ, పిల్లల బండి తోసేవారికీ అది గండమే.

రాత్రి 7 గంటల పరీక్ష. నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. పగలు ఎలాగోలా గడిచిపోతుంది. రాత్రి 7 గంటలకు మీ ఇంట్లో ఒక్కొక్కరు ఎక్కడ ఉంటారో కాగితం మీద రాయండి. చిన్నది నిద్రకు మారాం చేస్తుంటుంది, తాతయ్య తొందరగా తినేసి పడుకుందామంటారు, పదేళ్లవాడు ప్రదర్శన చూడాలంటాడు, మీ తమ్ముడూ మరదలూ అప్పుడే తయారవుతుంటారు. ఈ నాలుగు కోరికల్లో ఎన్నింటిని ఆ ఓడ ఒకేసారి తీర్చగలదు? మిగిలిపోయినవి ఎవరి నెత్తిన పడతాయి? ఓడల మధ్య అసలు తేడా ఈ ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఉంది.

ఇంకో రెండు చిన్న ముక్కలు. వైకింగ్, వర్జిన్ వాయేజెస్ ఓడల్లోకి 18 ఏళ్ల లోపువారిని అసలు రానివ్వరు. అందమైన ప్రకటన చూసి మురిసే ముందే ఇది సరిచూసుకోండి. కుటుంబంలో గర్భిణి ఉంటే, ప్రయాణం ముగిసేలోపు 24వ వారం వస్తుందా అని లెక్కవేయండి. వస్తే చాలా సంస్థలు ఎక్కనివ్వవు.

## నాలుగు రకాల ఓడలు, ఒక్క చూపులో

| | అతి పెద్ద ఓడ | నర్సరీ ఉన్న కుటుంబ ఓడ | మధ్యస్థ ఓడ | నది ఓడ |
|---|---|---|---|---|
| ప్రయాణికులు | 5,000 పైన | 2,700 నుంచి 5,000 పైదాకా | సుమారు 2,000–2,700 | 200 లోపు |
| 3 ఏళ్ల లోపు పిల్లలకు | ఆటచోటు ఉండొచ్చు, అప్పగించే వీలు ఓడను బట్టి | 6 నెలల నుంచే అప్పగించవచ్చు | దాదాపు ఏమీ ఉండదు | పనికిరాదు |
| 4–12 ఏళ్లవారికి | పండుగే | పండుగే | ఫర్వాలేదు | 10 దాటితే ఆలోచించవచ్చు |
| పెద్దలకు నడక | ఎక్కువ | మధ్యరకం | తక్కువ | చాలా తక్కువ, మెట్లు చూసుకోవాలి |
| రాత్రి 7 గంటలకు | ఎవరి దారి వారిది | అమ్మానాన్నలకు ఊపిరి | పెద్దలకు హాయి, పిల్లలకు నిద్ర | అందరూ ఒకే బల్ల దగ్గర |

## అతి పెద్ద ఓడ

2024 జనవరిలో మొదలైన ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో 20 డెక్కులు, అంటే అంతస్తులు, ఉన్నాయి. గదికి ఇద్దరి లెక్కన 5,610 మంది, పడకలన్నీ నిండితే 7,600 మంది పడతారు. సిబ్బంది 2,350 మంది. అంటే దాదాపు పది వేల మంది ఉండే ఒక ఊరు నీటి మీద కదులుతోందన్నమాట. చిన్నపిల్లలున్న కుటుంబాల కోసం సర్ఫ్‌సైడ్ అని ఒక పేటే ఉంది. పిల్లల జల్లుల చోటు, పెద్దలు కూర్చునే చోటు, భోజనం అన్నీ అక్కడే కట్టారు. కార్నివాల్ వారి మార్డీ గ్రా 2021లో బయలుదేరింది, సముద్రం మీద మొదటి రోలర్ కోస్టర్ దానిలోనే. ఎమ్మెస్సీ (MSC) అనే క్రూయిజ్ సంస్థ వారి పెద్ద ఓడల్లో 3 ఏళ్లు నిండని పసివాళ్లకు కూడా ప్రత్యేక గది ఉంటుంది.

ఈ ఓడల బలం ఒక్కటే: వయసుల్లో ఎంత ఎడం ఉన్నా ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి దొరుకుతుంది. నాలుగేళ్ల నుంచి పధ్నాలుగేళ్ల దాకా అరడజను మంది పిల్లలున్న కుటుంబానికి ఇంతకు మించినది లేదు. క్లబ్బులో వయసుల వారీగా గుంపులు చేస్తారు కాబట్టి అన్నదమ్ముల పిల్లలు ఒకే గుంపులో పడతారా లేదా అన్నది మాత్రం ముందే అడగాలి. ఏడేళ్లదానికి, తొమ్మిదేళ్ల అక్కకు మధ్య గీత పడితే మొదటి రోజే ఏడుపు.

బలహీనత లిఫ్టు. నవ్వకండి. సాయంత్రం ఆరున్నర అవుతుంది. భోజనశాల కింద, గది పైన. పిల్లల బండి, దానిలో నిద్ర ముంచుకొస్తున్న పిల్ల, పక్కన చేతికర్రతో పెద్దావిడ. లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది, లోపల నిండుగా జనం, నవ్వుతూ భుజాలు ఎగరేస్తారు. మూసుకుంటుంది. మూడోసారీ అంతే. మేము నాలుగోసారికి ఒక ఉపాయం కనిపెట్టాం: కిందికి వెళ్లడానికి ముందు పైకి వెళ్లే లిఫ్టు ఎక్కేయడం. ఆ వారమంతా అలాగే గడిచింది. కాళ్లున్నవాళ్లకు మెట్లున్నాయి, బండికీ కర్రకూ లేవు.

రెండో బలహీనత, అన్నింటికీ ముందుగా చోటు పట్టుకోవాలి. ప్రదర్శనలకు, ప్రత్యేక భోజనశాలలకు ఓడ బయలుదేరక ముందే యాప్‌లో బుకింగ్ మొదలవుతుంది. ఇద్దరికి చివరి నిమిషంలో దొరుకుతుంది, పదకొండు మందికి దొరకదు. కుటుంబంలో ఒకరు ఆ పని నెత్తిన వేసుకోకపోతే అతి పెద్ద ఓడ వద్దు. వేసుకున్నవారికి మాత్రం ఎవరైనా ఒక పూట భోజనం పెట్టించాలి.

ఒక అపోహ కూడా తీర్చాలి. వీల్‌చైరో, బ్యాటరీ బండో వాడే పెద్దలకు చిన్న ఓడే మేలనుకుంటారు. నిజానికి పెద్ద ఓడల్లో వెడల్పు దారులు, గడపల్లేని తలుపులు, వీల్‌చైర్ పట్టే గదులు ఎక్కువ. కష్టపడేది కర్ర పట్టుకుని నెమ్మదిగా నడిచేవారే. వాళ్ల గది ఓడ మధ్యలో, లిఫ్టుకు దగ్గర్లో ఉండేలా చూస్తే సగం కష్టం తీరుతుంది.

## నర్సరీ ఉన్న కుటుంబ ఓడ

ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉంటే నా ఓటు నేరుగా దీనికే. డిస్నీ ఓడల్లో 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా పిల్లలను చూసుకునే నర్సరీ ఉంది. గంటకింత అని విడిగా తీసుకుంటారు, చోట్లు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ వారి కుటుంబ ఓడల్లో, ఉదాహరణకు ఐయోనా, ఆర్వియాలలో, 6 నెలల నుంచి 4 ఏళ్ల దాకా పసివాళ్లను రాత్రిపూట నిద్రపుచ్చి చూసుకుంటారు, దానికి అదనంగా ఏమీ తీసుకోరు. క్వీన్ మేరీ 2 లాంటి హుందా ఓడలో కూడా నర్సరీ ఉందంటే చాలామంది నమ్మరు, కానీ ఉంది.

నర్సరీ అంటే పిల్లను వదిలించుకోవడం కాదు. రాత్రి 7 గంటలకు భార్యాభర్తలు ఇద్దరూ, తాతయ్య అమ్మమ్మలతో కలిసి, ఒకే బల్ల దగ్గర కూర్చుని తినగలగడం. చంటిపిల్ల పుట్టాక ఎన్నాళ్లుగా ఒకరు తింటుంటే ఇంకొకరు ఎత్తుకుని తిప్పుతున్నారో గుర్తు చేసుకుంటే దాని విలువ తెలుస్తుంది.

డిస్నీ ఓడల్లో ఇంకో చిన్న సుఖం: చాలా గదుల్లో స్నానాలగది, మరుగుదొడ్డి రెండు వేరు వేరు గదులుగా ఉంటాయి. ఒకవైపు పిల్లకు స్నానం జరుగుతుంటే ఇంకోవైపు ఎవరి పని వారు చూసుకోవచ్చు. నలుగురున్న గదిలో పొద్దుటి గొడవ సగం ఇక్కడే తీరుతుంది. రోజుకో భోజనశాలకు మారినా వడ్డించేవారు మాత్రం మీతోపాటే మారుతూ వస్తారు. మూడో రోజుకల్లా మీ పిల్లకు ఏం పెట్టాలో వాళ్లకే తెలిసిపోతుంది.

మరి ఇబ్బంది? డిస్నీ టికెట్ సాధారణంగా మిగతావాటికన్నా బరువు. పిల్లలు లేని బాబాయి, పెళ్లికాని మేనత్త లాంటివారు అదే బరువు తమ తలపై కూడా ఎందుకు పడాలని అడిగితే తప్పు కాదు. వాళ్ల కోసం పెద్దలకే ప్రత్యేకించిన కొలనులు, భోజనశాలలు ఉన్నాయి, క్యాసినో మాత్రం లేదు. ఇందులో కొందరికి అది నష్టం, కొందరికి ఊరట.

## మధ్యస్థ ఓడ

హాలండ్ అమెరికా వారి కోనింగ్స్‌డామ్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి, సుమారు 2,650 మంది. నడక తక్కువ, రద్దీ తక్కువ, సాయంత్రం సంగీతం, కిటికీ పక్కన పుస్తకం చదువుకునే కుర్చీ. తాతయ్యలకు ఇదే స్వర్గం. పిల్లల క్లబ్బు ఉన్నా, సెలవుల కాలం కాకపోతే అందులో పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతే.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఎనిమిది, పది నెలల పసిపిల్లకు ఈ ఓడ చాలా బాగుంటుంది. ఆ వయసుకు క్లబ్బు అక్కర్లేదు, జారుడుబల్ల అక్కర్లేదు. నిశ్శబ్దం కావాలి, ఎత్తుకునే చేతులు కావాలి, చుట్టూ ఉన్న ముసలివాళ్లందరూ ఆ చేతులు చాపుతారు. కష్టమైన వయసు నడక వచ్చి మాట వినని ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా. ఆ వయసు పిల్ల ఉంటే ఈ ఓడ పక్కన పెట్టండి, ఆ హుందా భోజనశాలలో మీరు తినేదేమీ ఉండదు, కింద పడిన చెంచాలు ఏరడమే.

## నది ఓడ, అసలు ఓడే వద్దనుకోవడం

యూరప్ నదుల్లో తిరిగే ఓడలు లాకుల (నీటిమట్టం మార్చి ఓడను దాటించే గేట్ల అరలు) వెడల్పుకు సరిపడాలి కాబట్టి సాధారణంగా పొడవు 135 మీటర్లు, వెడల్పు పదకొండున్నర మీటర్లు దాటవు. 190 మంది దాకా ఎక్కుతారు. క్లబ్బు లేదు, పరుగెత్తే చోటు లేదు. పదేళ్లు దాటిన, చరిత్ర మీద ఆసక్తి ఉన్న పిల్లలు, ఊళ్లు చూడాలనుకునే పెద్దలు ఉంటే ఒక్కో రేవులో ఊరి నడిబొడ్డునే దిగే సుఖం దీనికే ఉంది. చంటిపిల్లలతో మాత్రం వద్దు.

ఒడ్డునే ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకోవడం కూడా లెక్కలో ఉంచుకోండి. పిల్ల నిద్రవేళ తప్పితే భరించలేని ఇల్లయితే, సముద్రమంటేనే భయపడే పెద్దవారుంటే అదే నయం. కానీ ఆ ఇంట్లో వంట, గిన్నెలు ఎవరి పాలిట పడతాయో ముందే ఆలోచించండి. సాధారణంగా ఏడాదంతా ఆ పని చేసేవారి పాలిటే. క్రూయిజ్ వైపు నేను మొగ్గడానికి సగం కారణం అదే.

## గదులు: ఓడకన్నా ఇదే పెద్ద నిర్ణయం

మొదటి ప్రయాణంలో మేము నలుగురం కిటికీ లేని ఒకే లోపలి గది తీసుకున్నాం. గదిలో ఎంతసేపు ఉంటాం, పడుకోవడానికే కదా అనుకున్నాం. రాత్రి ఎనిమిదింటికి చిన్నదాని తొట్టి పరిచారు. సోఫా పడక విప్పారు. గోడ నుంచి పై పడక దించారు. ఇక నేల కనిపించలేదు. చిన్నది నిద్రపోవాలంటే దీపం ఆర్పాలి. ఎనిమిదింటికి నిద్ర రాని మా ఇద్దరం బాత్రూములో ఒకరు మూత వేసిన కమోడ్ మీద, ఇంకొకరు గడప మీద కూర్చుని ఫోను వెలుతురులో గుసగుసలాడుకున్నాం. తర్వాత ఏ ప్రయాణంలోనూ నేను లోపలి గదిలో నలుగురి మాట ఎత్తలేదు.

బాల్కనీ ఉంటే పిల్ల నిద్రపోయాక అద్దం తలుపు వేసుకుని బయట కూర్చోవచ్చు. చిన్నపిల్లలున్నవారికి బాల్కనీ విలాసం కాదు, అది రెండో గది. తలుపు గడియ సాధారణంగా పిల్లల చేతికి అందనంత ఎత్తులో ఉంటుంది. అయినా కుర్చీని కమ్మీకి దగ్గరగా ఎప్పుడూ ఉంచకండి, పిల్లను అక్కడ ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి. ఓడ తలుపులు బరువు, గాలికి ఠప్పున మూసుకుంటాయి, చిన్న వేళ్లు జాగ్రత్త.

| అమరిక | ఎవరికి నప్పుతుంది | చిక్కు |
|---|---|---|
| లోపల తలుపుతో కలిసే రెండు గదులు | ఇద్దరు ముగ్గురు పిల్లలు, లేదా పక్క గదిలో అమ్మమ్మ | తక్కువ ఉంటాయి, తొందరగా అయిపోతాయి |
| ఒక పెద్ద కుటుంబ సూట్ | అందరూ ఒకేచోట ఉండాలనుకునేవారు | ఒక్కరు లేస్తే అందరూ లేస్తారు |
| బాల్కనీ గది, నడవాకు అవతల లోపలి గది | పెద్ద పిల్లలున్నవారు, ఖర్చు తగ్గించుకునేవారు | పసివాళ్లతో రాత్రి నడవా దాటాలి |
| పక్కపక్క బాల్కనీలు, మధ్య అడ్డుతెర తీయించుకోవడం | అన్నదమ్ముల కుటుంబాలు | ఓడ ఎక్కాక అడగాలి, అన్ని ఓడల్లో కుదరదు |

తల్లిదండ్రులకు, అమ్మమ్మ తాతయ్యలకు మధ్య కలుపు తలుపు ఉండాలా? నేను వద్దంటాను. పక్కగది చాలు, నడవాలోంచి తలుపు కొట్టి రావచ్చు. మధ్య తలుపు ఉంటే ఉదయం ఐదున్నరకు లేచిన పిల్ల నేరుగా తాతయ్య పొట్ట మీద ఎక్కుతుంది. మొదటి రోజు ముద్దు, నాలుగో రోజుకు ఆయన కళ్ల కింద నల్లటి చారలు.

ఒంటరిగా ఉన్న నాయనమ్మకో తాతయ్యకో విడి గది తీసుకుంటే చాలా సంస్థలు దాదాపు ఇద్దరి ధర వేస్తాయి. అదే గదిలో ఒక పెద్ద మనవరాలిని ఉంచితే రెండు విధాలా లాభం. గదిలో మూడో, నాలుగో మనిషికి సాధారణంగా ధర తగ్గుతుంది. కానీ ఒక మెలిక ఉంది: ఓడలో ప్రతి భాగానికీ రక్షణ పడవల్లో ఇన్ని చోట్లు అని లెక్క ఉంటుంది. గదిలో పడక ఖాళీగా కనిపించినా ఆ భాగం లెక్క నిండితే మూడో మనిషిని చేర్చరు. నలుగురు పట్టే గదులు ముందుగా అయిపోవడానికి ఇదీ ఒక కారణం. పెద్ద కుటుంబాలు ఏడాది ముందు బుక్ చేయడం అతి జాగ్రత్త ఏమీ కాదు.

ప్రతి గదికీ ఒక పెద్దవారి పేరు ఉండాలంటాయి సంస్థలు, ఆ వయసు చాలాచోట్ల 21. కాబట్టి రెండు గదుల్లో అమ్మ పేరొకటి, నాన్న పేరొకటి రాసి, ఎక్కాక పిల్లల్ని మీకు నచ్చినట్టు సర్దుకోవచ్చు. అన్ని బుకింగ్‌లనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టమని తప్పక చెప్పండి. లేకపోతే భోజనంలో అన్నయ్య కుటుంబం ఒక మూల, మీరు ఒక మూల పడతారు. ముడిపెట్టినా పది మందిని దాటితే ఒకే బల్ల దొరకడం అరుదు, పక్కపక్క బల్లలు ఇస్తారు.

## ఎన్ని రాత్రులు? ఏ రేవులు?

మూడు రాత్రుల ప్రయాణం అంటే చేతికి అందేది రెండు పూర్తి రోజులే. మొదటి రోజు మధ్యాహ్నం ఎక్కుతారు, చివరి రోజు పొద్దున్నే దింపేస్తారు. చిన్నపిల్ల కొత్త పడకకు అలవాటు పడేసరికి ఇంటికి బయలుదేరే వేళ అవుతుంది. సముద్రం పడుతుందో లేదో చూసుకోవాలనుకునే కుటుంబానికి నాలుగు రాత్రులు చాలు. మిగతావారికి ఏడు. పదికి మించి చంటిపిల్లలతో నేను సాహసించను, డైపర్ల పెట్టె మోయలేక.

వాంతుల భయం పెద్దలకు ఎక్కువ, కానీ లెక్క వేరేలా ఉంటుంది. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రయాణపు వికారం దాదాపు రాదు. రెండు నుంచి పన్నెండేళ్ల వాళ్లకే ఎక్కువ. ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ కాబట్టి, ఆ రకం పిల్లలున్న గది అక్కడే తీసుకోండి. మందు విషయం బయలుదేరక ముందే డాక్టరును అడగండి. ఓడలో వైద్యుడు ఉంటారు, కానీ ఆ ఖర్చు మీదే. పెద్దలతో వెళ్తే, అవసరమైతే ఒడ్డు ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా భరించే బీమా లేకుండా ఎక్కకండి.

రేవుల దగ్గర పేరు చూసి మోసపోకూడదు. పట్టికలో రోమ్ అని రాసి ఉంటుంది, ఓడ ఆగేది చివిటావెక్కియాలో, అక్కడి నుంచి రోమ్ 70 కిలోమీటర్ల పైమాటే. ఫ్లారెన్స్ అంటే లివోర్నోలో దిగి గంటన్నర దాకా బస్సు. ఇద్దరు పసివాళ్లతో ఆ ఎండలో అంత దూరం వెళ్లి రావడం సెలవు కాదు, శిక్ష. సాంటొరీనిలో పడవల్లో దిగాలి, ఆపైన కేబుల్ కారు వరుసలో నిలబడాలి, లేదా ఆరు వందలకు కాస్త తక్కువ మెట్లు ఎక్కాలి. అందుకు భిన్నంగా అలాస్కాలో జూనో, కెచికాన్ లాంటి చోట్ల ఓడ దిగితే ఊళ్లోనే ఉంటారు. దిగకపోయినా కొండలు, హిమానీనదాలు డెక్కు మీద కుర్చీలోంచే కనిపిస్తాయి. నడవలేని పెద్దలకు అలాస్కాకు మించిన దారి నేను చూడలేదు. అక్కడ కాలం సుమారుగా మే నుంచి సెప్టెంబర్ దాకా.

ఇసుక, నీళ్లు చాలనుకునే పిల్లలకు కరీబియన్ వైపు సంస్థల సొంత దీవులు బాగుంటాయి. డిస్నీ వారి కాస్ట్‌అవే కే, రాయల్ కరీబియన్ వారి కోకోకే, ఎమ్మెస్సీ వారి ఓషన్ కే, మూడింటిలోనూ ఓడ నేరుగా వంతెనకే ఆనుతుంది, చిన్న పడవల బాధ లేదు. అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా అని గుర్తుంచుకోండి. ఓడ తుపానును తప్పించుకుని వెళ్తుంది, కానీ మీరు కలలుగన్న దీవిని కూడా తప్పించేయవచ్చు.

## మీ ఇల్లు ఏ రకం?

రెండేళ్ల పిల్ల, నడవగల అమ్మమ్మ తాతయ్య, ఇద్దరు అన్నదమ్ముల కుటుంబాలు: నర్సరీ ఉన్న ఓడ, ఏడు రాత్రులు, పక్కపక్క బాల్కనీ గదులు. డబ్బు బిగువైతే ఓడ తగ్గించకండి, రాత్రులు తగ్గించండి.

అందరూ నాలుగు దాటిన పిల్లలే, ఆరుగురికి పైనే ఉన్నారు: అతి పెద్ద ఓడ. బుకింగ్‌లు చూసే ఒక పెద్దమనిషిని ముందే ఎన్నుకోండి.

ఒకే ఒక్క పసిపిల్ల, మిగతా అందరూ పెద్దలు: మధ్యస్థ ఓడ, ఊళ్లోనే ఆగే రేవులు. పిల్లకు ఏడాది దాటి నడక వచ్చేలోపు వెళ్లిపోండి.

పెద్దల్లో ఒకరికి ఆరోగ్యం సున్నితం: ఓడకన్నా ముందు బయలుదేరే రేవును చూడండి. విమానం ఎక్కనవసరం లేని రేవు ఉంటే మిగతా సౌకర్యాల్లో రాజీ పడవచ్చు.

తల్లిదండ్రులు రాకుండా, మనవలను వెంటబెట్టుకుని తాతయ్య అమ్మమ్మలే వెళ్తున్నారు: తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనుమతి పత్రం, అందులో వైద్యానికి ఒప్పుకోలు కూడా ఉండాలి. రేవులో అడిగితే లేదనే పరిస్థితి రాకూడదు. వాళ్లకు అతి పెద్ద ఓడ వద్దు, పరుగెత్తే పిల్లను ఆ జనంలో వెతకడం డెబ్బై ఏళ్లవారి పని కాదు.

ఎక్కే రోజు సామాను గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది కాబట్టి డైపర్లు, మందులు, ఈత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి. బయలుదేరే ముందు భద్రతా శిక్షణ అందరికీ తప్పనిసరి. అక్కడే పసివాళ్లకు సరిపడే రక్షణ చొక్కా అడిగి తీసుకోండి. భోజనానికి ముందు పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి, ఓడల్లో పాకే, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు సీసాలోని జెల్ అంతగా లొంగదు.

డబ్బు కట్టకముందే పెద్దవాళ్లతో మాట్లాడవలసిన మాట ఒకటుంది. అమ్మమ్మ ఉంది కదా, పిల్లను చూసుకుంటుందిలే అని ఎవరికి వారు మనసులో అనుకుని ఓడ ఎక్కుతారు. ఆవిడను మాత్రం ఎవరూ అడగరు. రెండో ప్రయాణానికి ముందు మా అమ్మను సూటిగా అడిగాను, వారంలో ఎన్ని సాయంత్రాలు పిల్లలను ఉంచుకుంటావని. కాసేపు ఆలోచించి "రెండు" అంది. ఆ రెండు సాయంత్రాలకే మేము ప్రదర్శనలు పెట్టుకున్నాం, మరో రెండింటికి నర్సరీలో చోటు పట్టుకున్నాం. మిగతా సాయంత్రాలు ఆవిడ ఏడో డెక్కు మీద, సముద్రం వైపు తిప్పుకున్న కుర్చీలో, చెప్పులు విడిచి కాళ్లు చాపుకుని కనిపించేది.